నలభై ఒక్కరి చేతులు

ఊళ్లో నన్ను అనుమానాల బుబుసైరా అంటారు. నా ఎదురుగా అనరు, అంత ధైర్యం ఎవరికుంది? మా కిర్గిజ్ పల్లె కోక్-బెల్‌లో ఇరవై అయిదు దాటిన వాళ్లంతా నా దగ్గర రష్యన్ వ్యాకరణం కోసం మొట్టికాయలు తిన్నవాళ్లే. అననివ్వండి. అరవై మూడేళ్లుగా ఈ ఊరికి వచ్చిపోయేవాళ్లను చూస్తున్నాను. మాస్కో వాళ్లు వచ్చారు, స్కూలు కట్టారు, మా గొర్రెల చెవులకు నంబర్లు వేశారు, ఒక పొద్దున ఆ దేశమే లేదన్నారు, వెళ్లిపోయారు. అమెరికా నుంచి ఒకమ్మాయి వచ్చింది, రెండేళ్లు ఇంగ్లీషు నేర్పింది, కొత్త మరుగుదొడ్డి ముందు నిలబడి ఫోటో దిగి వెళ్లిపోయింది. తర్వాత నా రష్యన్ క్లాసులు వారానికి అయిదు నుంచి రెండుకు దిగాయి. పక్క గదిలో కొత్త కంప్యూటర్లు, ఎర్ర కాగితం లాంతర్లు, చైనా భాష. నేను రిటైరైన రోజు నా చేతిలో పెట్టిన ఫ్లాస్కు అడుగున కూడా చైనా అక్షరాలే. వచ్చేవాళ్లు మారుతుంటారు గానీ వరస మారదు. ముందు టీ తాగుతారు, తర్వాత నేల అడుగుతారు.

పోయిన అక్టోబరులో రైలు కంపెనీ వాళ్లు వచ్చినప్పుడు అందుకే నేను ముందు వరసలో కూర్చున్నాను.

ఇంజనీరు పేరు లియాంగ్. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. ఆ మర్యాద చూస్తేనే నాకు ఒళ్లు మండింది. మనల్ని ఏమీ చెయ్యదలుచుకోనివాడు అంత వంగి దణ్ణం పెట్టడు. పక్కన దుబాసీగా మా ఐజిరెక్. నా విద్యార్థినే. రష్యన్‌లో అయిదుకు రెండు మార్కులు తెచ్చుకుని, చైనా వెళ్లి నాలుగేళ్లు చదివి, ఇప్పుడు తెల్ల హెల్మెట్ పెట్టుకుని తిరిగొచ్చింది. కొండకు అవతలి పక్క రైలుదారి పడుతుందట. రాయి పగలగొట్టే యంత్రాలు, కూలీల గుడిసెలు పెట్టుకోవడానికి పదేళ్లపాటు సారీ-బులాక్ కావాలట.

సారీ-బులాక్ మా వసంతకాలం మేత. ఏప్రిల్లో కొండపైన ఇంకా మంచు ఉంటుంది, ఊళ్లో నిల్వ గడ్డి అయిపోతుంది. ఆ మధ్య రోజుల్లో గొర్రెలు ఈనడానికి ఎండ తగిలే చోటు, గడ్డ కట్టని ఊట, ఈ చుట్టుపక్కల అదొక్కటే. మా తమ్ముడు ఇదిరీస్ మంద అక్కడే ఈనుతుంది. అది పోతే వాడు మందను అమ్ముకుని మాస్కో వెళ్లి, యాభై నాలుగేళ్ల వయసులో, అరిగిన మోకాళ్లతో వీధుల్లో మంచు ఊడ్చుకోవాలి. వాడి ఈడు వాళ్లు ఇప్పటికే ఊళ్లోంచి ఆరుగురు ఆ పనికి వెళ్లారు.

క్లబ్బు హాల్లో సభ పెట్టారు. ఊరి పెద్ద షైలోబెక్ లేచి గొంతు సవరించుకున్నాడు. మా భాషలో షైలో అంటే ఎన్నిక. వాడు పుట్టింది ఎన్నికల రోజున, అందుకని ఆ పేరు పెట్టారు. వాడి వోటు ఎటు పడుతుందో మాత్రం వాడి పెళ్లానికి కూడా తెలియదు.

"ఇష్టమున్నవాళ్లు చేతులెత్తండి," అన్నాడు.

ఎవరూ ఎత్తలేదు. ఎత్తనని కూడా ఎవరూ అనలేదు. అతిథి మొహం మీద కాదని ఎలా అంటారు? అందరూ ఒళ్లో ఉన్న టోపీల కేసి చూస్తూ కూర్చున్నారు.

"సరే, తొందరేముంది, తర్వాత చూద్దాం," అన్నాడు షైలోబెక్. "ముందు భోజనం సంగతి చూడండి. అంత దూరం నుంచి వచ్చినవాళ్లను ఆకలితో పంపిస్తామా?"

"మా ఇంటికి రండి," అన్నాడు ఇదిరీస్.

నేను వాడి మోచెయ్యి గిల్లాను. "నీకేమైనా మతి ఉందా? నీ నోటి దగ్గర కూడు లాక్కోవడానికి వచ్చినవాడికి గొర్రెను కోస్తావా?"

"నేల ఇవ్వను గానీ భోజనం పెట్టనా అక్కా? అది వేరు, ఇది వేరు."

వాడికి అవి వేరు. నాకూ వేరే. ఊళ్లో ఎవరినడిగినా అదే అంటారు. మా కొంప ముంచింది అదే.

ఇదిరీస్ పెరట్లో ఎండలో తివాచీలు పరిచాం. ఉడికించిన గొర్రె తలకాయ తెచ్చి లియాంగ్ ముందు పెడితే, అతను కత్తి తీసుకుని చెవి కోసి ఇదిరీస్ చిన్న మనవరాలికిచ్చాడు. చెవి పిల్లలకివ్వడం మా ఆచారం. అచ్చం మనవాడిలాగే! ఊరంతా మురిసిపోయింది. నాకు మాత్రం పులి మీద పుట్రలా ఇంకో అనుమానం పుట్టింది. ఇతనికి ఇది ఎవరు నేర్పారు? ఎందుకు నేర్పారు? ఐజిరెక్ వైపు చూశాను. అది తల దించుకుని కొవ్వు ముక్కను పక్కకు తోసుకుంటోంది.

తిన్నాక, లేవబోయే ముందు, ఓమూర్‌జాక్ తాత దీవెన మొదలుపెట్టాడు. ఎనభై నాలుగేళ్ల మనిషి, ఊరందరికీ తాత, నాకు పెదనాన్న వరస. అందరూ రెండు అరచేతులూ మొహం ముందుకెత్తారు. "మీ ఒళ్లు చల్లగా ఉండాలి, మీ అమ్మానాన్నలు మిమ్మల్ని చూసుకోవాలి, మీ దారి తెరుచుకోవాలి," అన్నాడు తాత. "ఓమీన్," అని అందరూ చేతులతో మొహం తుడుచుకుని లేచారు. పొరుగూరికి పెళ్లి చూపులకు వెళ్లేవాడికైనా, ఆస్పత్రికి వెళ్లేవాడికైనా మేం అనేది ఇదే.

అప్పుడు నేనేం చేశాను? మా వాళ్ల అమాయకత్వం చూసి మండిపోతూ, అందరి చేతులూ పైన ఉండగానే ఒక ఫోటో తీశాను. ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద రష్యన్‌లో ఒక వెటకారం రాశాను: "దీవించేశాం. ఇక రైలు రావడమే తరువాయి!" పదిహేను మంది నవ్వు బొమ్మలు పెట్టారు. నేను ఆ సంగతి మర్చిపోయాను.

ఫిబ్రవరిలో ఊరి ఆఫీసు బోర్డు మీద కాగితం అంటించారు. సారీ-బులాక్ ఏప్రిల్ ఒకటి నుంచి పదేళ్లకు కంపెనీకి. కింద చిన్న అక్షరాల్లో ఉంది: ఊరి సభకు వచ్చినవారు నలభై ఒక్కరు, చేతులెత్తి ఒప్పుకున్నవారు నలభై ఒక్కరు. అభ్యంతరాలుంటే ముప్ఫై రోజుల్లో తెలపాలి.

ఇదిరీస్ ఆ కాగితాన్ని మూడుసార్లు నాతో చదివించుకున్నాడు. మూడోసారి అయ్యాక బయటికెళ్లి గొర్రెలకు గడ్డి వేశాడు. గడ్డి వేసే వేళ కూడా కాదది.

నేను తిన్నగా షైలోబెక్ ఆఫీసు గదికి వెళ్లాను.

"ఎంత మందివి దొంగ సంతకాలు పెట్టావురా?"

"టీచరక్కా! ఒట్టు, ఒక్క సంతకం కూడా పెట్టలేదు."

"మరి నలభై ఒక్కరు ఎక్కడి నుంచి ఊడిపడ్డారు?"

"జిల్లా వాళ్లు సభ వివరాలు పంపమన్నారు. నా దగ్గర ఉన్నవి పంపాను. నేను సొంతంగా ఒక్క ముక్క రాయలేదు. నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకురా ఒట్టు? నీ మీద వేసుకో."

వాడు నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఇంకేదో దాస్తున్నాడని తెలుస్తూనే ఉంది. అయినా వాడికి అంత బుర్ర ఎక్కడిది, దీని వెనక బాగా చదువుకున్న చెయ్యి ఉంది అనుకున్నాను. చైనా భాషా, కిర్గిజ్ భాషా రెండూ తెలిసిన చెయ్యి ఈ ఊళ్లో ఒక్కటే.

కంపెనీ వాళ్లు ఊరి చివర గదంత ఇనప డబ్బాలో ఆఫీసు పెట్టుకున్నారు. ఐజిరెక్ నన్ను చూడగానే లేచి నిలబడి కుర్చీ జరిపింది. లియాంగ్ కూడా లేచి, వేడినీళ్లు పోసిన గ్లాసు నా ముందు పెట్టాడు. నేను ముట్టుకోలేదు.

"ఆ రోజు నువ్వేం చెప్పావే ఈయనకి? నిజం చెప్పు."

"తాత అన్నదే చెప్పాను టీచరక్కా."

"తాత ఏమన్నాడు?"

"మీ దారి తెరుచుకోవాలి అన్నాడు. అదే చెప్పాను."

"రైలుదారి వేయడానికొచ్చినవాడితో ఆ మాట చెప్పేటప్పుడు కాస్త వెనకా ముందూ చూసుకోవద్దూ?"

"మీరేగా నేర్పారు! అనువాదంలో ఒక మాట కలపకూడదు, ఒక మాట మింగకూడదు అని. కలిపినందుకేగా నాకు రెండు మార్కులు వేశారు."

లియాంగ్ ఏదో అడిగాడు. ఐజిరెక్ జవాబు చెప్పి నా వైపు తిరిగింది.

"మీకెందుకు కోపం వచ్చిందో అడుగుతున్నాడు. ఆ రోజు ఆయన ఫోనులో అనువాదం పెట్టుకుని షైలోబెక్ అన్నను అడిగాడట, ఒప్పుకోవడానికి ఒక చెయ్యి చాలు కదా, వీళ్లు రెండెందుకు ఎత్తుతున్నారు అని. చాలా ఇష్టమైతే రెండెత్తుతాం అన్నాడట అన్న."

"చూశావా! వాడే! నేననుకుంటూనే ఉన్నాను!"

"ఆగండి," అంది ఐజిరెక్. గొంతు తగ్గించింది. "ఆ ఒక్క మాటకే జిల్లా వాళ్లు నమ్మరు కదా. వాళ్లకు రాతపూర్వకంగా ఏదైనా కావాలి. దొరికింది."

బీరువాలోంచి లావుపాటి ఫైలు తీసి పదిహేడో పేజీ తెరిచింది. ఫోటో. ఎండలో తివాచీలు, తెల్ల టోపీలు, నలభై ఒక్కరి ఎత్తిన చేతులు, ముందు వరసలో మా ఇదిరీస్. ఫోటో కింద రష్యన్‌లో టైపు చేసిన వాక్యం, దాని కింద చైనా అక్షరాల్లో దాని అనువాదం, పక్కన ఒక గమనిక: ఊరి గౌరవనీయురాలు, రష్యన్ భాషలో ముప్ఫై ఆరేళ్ల అనుభవమున్న ఉపాధ్యాయురాలు స్వయంగా ధ్రువీకరించినది.

అది నా వాక్యం. ఒక్క అక్షరం తేడా లేదు. ఆశ్చర్యార్థకం మాత్రం తీసేశారు.

రష్యన్‌లో నేను రాసిన 'దీవించేశాం' అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఇంట్లో వాడితే దీవించారని. ఆఫీసులో వాడితే సరేనన్నారని. ఏడో తరగతిలో ఏటా నల్లబల్ల మీద రాసి చెప్పేదాన్ని: ఈ మాట ఎక్కడ వాడుతున్నారో చూసుకుని వాడండి, లేకపోతే నవ్వులపాలవుతారు. ఆ పాఠం చెప్పినదాన్ని నేనే.

"షైలోబెక్ అన్న ఇది ఊరి గ్రూపులోంచి తీసి పంపాడు, అబద్ధం రాయలేదు," అంది ఐజిరెక్. "నేనూ రాయలేదు."

ఇంటికి వస్తూ దారిలో నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపించింది. ఇన్నాళ్లూ ఊరందరి జేబులూ తడిమి చూశాను. దొంగ సొత్తు నా ఫోనులో ఉంది. ఆ రోజు చేతులెత్తని మనిషిని ఊరి మొత్తంలో నేనొక్కదాన్నే, ఎందుకంటే నా చేతుల్లో ఫోను ఉంది.

ఇదిరీస్‌కు చెప్పాను. ఎలా చెప్పానో నాకే తెలియదు. వాడు తిట్టి ఉంటే బాగుండేది.

"నీ రష్యన్ ఎవడు చదువుతాడనుకున్నావక్కా?" అన్నాడు చివరికి. "మాకు వచ్చింది అంతంత మాత్రం. నువ్వేమో మా మీద జోకు వేశావు. చదవగలిగినవాడు చదివాడు."

ఇక మిగిలిన దారి ఒక్కటే. ఆ చేతులు వోటు కాదు, దీవెన అని దీవించిన మనిషే చెప్పాలి. ఓమూర్‌జాక్ తాత పొయ్యి పక్కన కూర్చుని పాల టీ తాగుతున్నాడు. సంగతంతా చెప్పాను. ఆయన గిన్నె కింద పెట్టాడు.

"ఇచ్చిన దీవెన వెనక్కి తీసుకోమంటున్నావా?"

"వెనక్కి కాదు పెదనాన్నా. అది ఒప్పందం కాదని చెప్పు చాలు."

"దారి తెరుచుకోవాలి అన్నానా లేదా?"

"అన్నావు."

"మనసులో అనుకోకుండా అన్నానా?"

"లేదు."

"మరి ఇప్పుడు ఉత్తినే అన్నానని చెప్పాలా? అయితే నీ పెళ్లికి అన్నది కూడా ఉత్తిదే. మీ నాన్న శవం దగ్గర అన్నది కూడా ఉత్తిదే. వెళ్లు, టీ చల్లారిపోతోంది."

నేను వెళ్లలేదు. ఆయనా నన్ను గెంటలేదు. పొయ్యిలో పిడకలు కూలేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. నేను బయల్దేరుతుంటే మాత్రం, జిల్లా వాళ్లు ఏ రోజు వస్తారు అని అడిగాడు.

అభ్యంతరం నేనే రాశాను. ముందు రష్యన్‌లో రాశాను, అలవాటు చావదుగా. జిల్లా ఆఫీసులో ఒక కుర్ర గుమాస్తా అది తిరగ్గొట్టి, "అమ్మమ్మా, మన భాషలో రాయండి," అన్నాడు. నాకు ఎంత చిన్నతనంగా ఉండాలో అంతగా ఉంది. మన భాషలో రాశాను: ఫోటో కింద నేను రాసిన వాక్యం వెటకారం, అందులో నేను వాడిన రష్యన్ మాట తప్పు, నా మాటను సాక్ష్యంగా తీసుకోవద్దు. ముప్ఫై ఆరేళ్లు ఎర్ర సిరాతో అందరి తప్పులూ దిద్దినదాన్ని. నా తప్పు కింద నేనే సంతకం పెట్టాను.

మార్చి నెలాఖరున జిల్లా నుంచి కమిటీ వచ్చింది. ఒక అధికారి, ఆయన వెనక ఒక సహాయకురాలు. లియాంగ్, ఐజిరెక్ కూడా వచ్చారు. మళ్లీ అదే క్లబ్బు హాలు. నా కాగితాన్ని నన్నే పైకి చదవమన్నారు. చదివాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వనివ్వండి అనుకున్నాను, కానీ మెడ దాకా మంటెక్కింది.

అప్పుడు ఓమూర్‌జాక్ తాత కర్ర ఊతంగా లేచాడు.

"దీవెన ఇచ్చాను," అన్నాడు. "నిజంగానే ఇచ్చాను, వెనక్కి తీసుకోను. నేల ఇవ్వలేదు. నేల నాది కాదు ఇవ్వడానికి." అంతే, కూర్చున్నాడు.

ఐజిరెక్ అది లియాంగ్ చెవిలో చెప్పింది. ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట మింగకుండా చెప్పిందనే నమ్ముతున్నాను.

"అయితే మళ్లీ వోటు పెడదాం," అన్నాడు అధికారి. "స్థలం ఇవ్వడానికి ఇష్టమున్నవాళ్లు?"

ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఇష్టం లేనివాళ్లు?"

అప్పుడూ ఒక్క చెయ్యీ లేవలేదు! ఇప్పుడది మొహమాటం కాదు, భయం. చెయ్యెత్తితే అది రేపు ఏ కాగితంలో ఏమవుతుందోనని. షైలోబెక్ అయితే చేతుల మీద కూర్చున్నాడు.

అధికారి కలం మూత పెట్టబోయాడు. అప్పుడు ఇదిరీస్ లేచాడు. ఎడమ చేతిని వీపు వెనక నడుముకు గట్టిగా అదిమి పెట్టుకుని, కుడి చెయ్యి ఒక్కటీ నిటారుగా ఎత్తాడు. "ఒక్క చెయ్యే," అన్నాడు గట్టిగా. "రాసుకోండి. ఇది దీవెన కాదు. నేను ఒప్పుకోను."

తర్వాత ఒకరొకరే లేచారు. అందరూ ఎడమ చెయ్యి వెనక దాచుకుని కుడి చెయ్యి ఎత్తారు. నవ్వొచ్చేలా ఉంది చూడ్డానికి. నేనూ ఎత్తాను, ఫోను కోటు జేబులో పెట్టి. షైలోబెక్ చుట్టూ చూసి, ఎక్కువమంది ఎటున్నారో తేలాక, వాడూ ఎత్తాడు. కాగితం రద్దయింది. కంపెనీ వాళ్లు అవతలి కొండ పక్కన చోటు చూసుకుంటామన్నారు.

ఆ తర్వాత క్లబ్బులోనే టీ పెట్టాం. వేయించిన రొట్టెలు, ఎండు ద్రాక్ష, తేనె. ఊరు ఊపిరి పీల్చుకుంది. ఇదిరీస్ లియాంగ్ గిన్నెలో తనే టీ పోశాడు. ఇద్దరూ ఏదో సైగలతో నవ్వుకున్నారు. టీ అయ్యాక, లేచే ముందు, అలవాటుగా అందరూ తాత వైపు తిరిగారు. చేతులు ఒళ్లోంచి సగం దాకా లేచాయి.

అప్పుడే సహాయకురాలు ఫోను ఎత్తింది. "ఒక్క నిమిషం, అలాగే ఉండండి. రిపోర్టుకి చివరి ఫోటో కావాలి."

సగం లేచిన చేతులన్నీ ఆగిపోయాయి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్కొక్క జతా మెల్లగా కిందికి దిగింది. కొందరు టోపీ సర్దుకున్నట్టు నటించారు, కొందరు రొట్టె ముక్కలు ఏరారు. తాత తన రెండు చేతులనూ కోటు చేతుల్లోకి లాక్కుని, కర్ర కోసం చూశాడు. ఆ పిల్ల తప్పేమీ లేదు. నేను చేసిన పనే అదీ చేసింది.

లియాంగ్ మాత్రం కళ్లు మూసుకుని రెండు అరచేతులూ మొహం ముందు ఎత్తి కూర్చున్నాడు. శ్రద్ధగా నేర్చుకున్నవాడు. ఎవరూ ఏమీ అనకపోయేసరికి కళ్లు తెరిచి, చుట్టూ చూసి, ఖాళీ చేతులను మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఐజిరెక్ అతనికి ఏమీ అనువదించలేదు. మా ఊరి నుంచి ఒక అతిథి దీవెన లేకుండా వెళ్లడం నేను పుట్టాక అదే మొదలు.

ఏప్రిల్ మూడున ఇదిరీస్ మందతో సారీ-బులాక్‌కు బయల్దేరాడు. గొర్రెలు కడుపులు దిగజారి భారంగా నడుస్తున్నాయి, ఏ రోజైనా ఈనేలా ఉన్నాయి. ఏటా ఈ పొద్దున ఓమూర్‌జాక్ తాత గేటు దగ్గర నిలబడి దీవించేవాడు. ఈసారి మోకాలు నొప్పి అని కబురు పంపాడు. నాకు తెలియదా ఆయనది ఏ నొప్పో?

ఇదిరీస్ గుర్రం ఎక్కి, కళ్లెం పట్టుకుని, కదలకుండా ఉన్నాడు.

"నువ్వైనా అనక్కా," అన్నాడు.

చేతులెత్తబోయాను. ఎత్తుతూ ఎత్తుతూ ముందు వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాను, ఎవరి చేతిలోనైనా ఫోను ఉందేమోనని. ఎదురింటి కిటికీలో తెర కదిలినట్టనిపించింది. చేతులు దించేశాను.

"వెళ్లు, ఎండెక్కుతోంది," అన్నాను.

వాడు గుర్రాన్ని తిప్పాడు. మంద వీధి మలుపు తిరిగి వెళ్లేదాకా నేను గేటు దగ్గరే నిలబడ్డాను. వాడి దారి తెరుచుకోవాలి అన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది.